సంతకం ఎవరిది?

“గర్భస్రావానికి చట్టమే వుంది గదా, ఇంకా హక్కు అంటారేమిటి?” అని ప్రొద్దుటూరులో చదువుకున్న మిత్రులే నన్ను అడుగుతుంటారు. చట్టం వున్న మాట నిజమే. అది ఎవరికి ఏమిచ్చిందన్నదే ప్రశ్న.

1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావాన్ని నేరమన్నది. గర్భిణి కూడా అందులో నేరస్తురాలే. 2024 జులై 1 నుండి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కూడా ఆ మాటే అంటున్నది. 1971లో చేసి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలు జరిపిన గర్భస్రావ చట్టం ఈ నేరానికి ఒక మినహాయింపు మాత్రమే. షరతులు పాటించిన డాక్టరుకు శిక్ష లేదని అది చెప్పింది. స్త్రీ తన ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చని చెప్పలేదు.

అయినా ఆ షరతులు తెలుసుకోవలసినవే. 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచారానికి గురైనవారికి, మైనర్లకు, గర్భంతో వుండగా భర్త చనిపోయిన లేక విడాకులైన స్త్రీలకు, మరికొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. పెళ్ళికాని స్త్రీలకూ ఈ గడువు వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మానసిక అనారోగ్యం లేని, 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. ఆమె పేరు బయట పెట్టిన డాక్టరు శిక్షార్హుడు.

ఆచరణ వేరు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుండి వచ్చిన కూలి స్త్రీకి తరచు ఎదురయ్యే మొదటి ప్రశ్న “మీ ఆయన వచ్చినాడా?” అని. ఆ ప్రశ్నకు జడిసి ఆమె మందుల షాపు దారి పడుతుంది. వారాలు మాత్రం ఆగవు.

మన జిల్లా నుండి వేలాది స్త్రీలు ఇంటిపనికి కువైట్ పోతున్నారు. పదో తరగతి చదవనివారికి 30 ఏళ్ళు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. కనుక వారిలో చాలామంది పిల్లల తల్లులు. ప్రయాణానికి ముందు వైద్యపరీక్షలో గర్భం కనబడితే అనర్హులే. వీసా కోసం చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. అక్కడికి పోయాక గర్భం వస్తే మరీ ఘోరం. కువైట్ చట్టం తల్లికి ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాల్లో తప్ప గర్భస్రావాన్ని ఒప్పదు. పెళ్ళి బయటి సంబంధం అక్కడ నేరం. భర్త ఇక్కడ వుండగా గర్భమెలా వచ్చిందంటే ఏం చెప్పాలి? యజమాని బలాత్కరించినా ఆమె ఫిర్యాదే ఆమె మెడకు చుట్టుకుంటుందన్న భయం. తిరిగి వద్దామంటే పాస్‌పోర్టు చేతిలో వుండదు. యజమాని దానిని దాచుకోరాదని 2015లో అక్కడే చట్టం చేసినా, దాచుకోవడం ఆగలేదు.

2018 దాకా ఐర్లండు స్త్రీలు ఇదే పనికి ఇంగ్లండు పోయేవారు. ఛార్జీలున్న స్త్రీకే ఆ దారి. మన చట్టం ‘గర్భిణి’ అంటుందే గాని ‘భారత పౌరురాలు’ అనదు. పరదేశపు స్త్రీ ఇక్కడికి వచ్చినా అదే చట్టం వర్తిస్తుంది. కానీ కువైట్‌లో చిక్కుకున్న మన పల్లె స్త్రీ ఆ చట్టం నీడకు చేరేసరికి 24 వారాలు దాటవచ్చు.

కాబట్టి నేననేది ఇది. ఆమె సంతకమే చాలునని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి గోడమీద తెలుగులో రాయాలి. తాలూకా పట్టణాల్లో ఈ పని తెలిసిన డాక్టరు వుండాలి. రాయబార కార్యాలయం ఆమె వారాలను లెక్కలో వుంచుకొని ప్రయాణపత్రం ఇవ్వాలి. ఇవి దయతో అడిగేవి కావు. అంతిమంగా ఈ విషయం శిక్షాస్మృతిలో నుండే తొలగిపోవాలి.