పగులుకు రెండు వయసులు

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే, హైదరాబాద్‌లోనూ జనానికి తెలిసింది. ఆ నగరంలోని గౌలిగూడ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. ఇలాంటి పాత, గట్టి రాయి కంపనాన్ని తొందరగా చల్లారనివ్వదు, దూరం మోసుకొస్తుంది. కదిలిన చోటు మాత్రం గోదావరి లోయ.

ఆ లోయ పొడవునా భ్రంశాలున్నాయి. రాతి పొరలు తెగి, ఒక పక్క కిందికి జారిన చీలికలవి. వాటి వయసు తేల్చాలంటే అవి దేన్ని తెంచాయో, దేన్ని తెంచకుండా వదిలేశాయో చూడాలి. సింగరేణి బొగ్గు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటిది. భ్రంశం బొగ్గు పొరను తెంచితే ఆ కదలిక బొగ్గు తర్వాతిదే. గని కార్మికులకిది పుస్తకాల విద్య కాదు: తవ్వుతుండగా బొగ్గు ఉన్నట్టుండి ఆగిపోయి రాయి తగులుతుంది, మిగతా పొరను పైనో కిందో వెతుక్కోవాలి.

తూర్పు కనుమల కథ వేరు. అవి ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. గోదావరి పల్లం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వాటిని అడ్డంగా కోసింది. కోసినది కోయబడ్డదానికంటే చిన్నది కదా! కనుమల శిలలు వేడికి, ఒత్తిడికి నలిగిన పెద్ద ఘట్టాల్లో ఒకటి సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటిది. నేటి తూర్పు అంటార్కిటికా అప్పుడు మన పక్కనే ఉంది. జిర్కాన్ రేణువుల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి ఈ వయసు కడతారు. అందులో సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కనుమలను పుట్టించింది నొక్కుడు, బొగ్గు లోయను తెరిచింది సాగదీత.

అలాగని గోదావరి పగులు పుట్టుక 30 కోట్ల ఏళ్ల కిందటేనని రాసేస్తే తప్పు. లోయ అంచుల్లోనే, అదే దిక్కున, 100 కోట్ల ఏళ్లు దాటిన పాఖాల శిలలున్నాయి. ఆ బలహీనత చాలా పాతది, బొగ్గు కాలంలో మళ్లీ తెరుచుకుంది. పుట్టిన వయసు, చివరిసారి కదిలిన వయసు వేర్వేరు. ప్రమాదం అంచనాకు నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

ఆ రెండోది మన జ్ఞాపకంలోనే ఉంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రత నమోదైంది. ములుగుతో తేడా 0.4 మాత్రమే, వెలువడిన శక్తిలో మాత్రం దాదాపు 4 రెట్లు. లోయను తెరిచిన సాగదీత ఏనాడో ఆగింది, ఇప్పుడున్నది మళ్లీ నొక్కుడే. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. ఆ కదలికలో చాలా భాగం హిమాలయాల్లో, ఆవల ఆసియాలో ఖర్చవుతుంది, ఒత్తిడి మాత్రం దక్కన్‌లోని పాత చీలికల దాకా చేరుతుంది. భద్రాచలం కంపానికీ ములుగు కంపానికీ మధ్య 55 ఏళ్లలో ఫలకం జరిగిన దూరం 2.75 మీటర్లు.