జొన్నకూడు - జీవక్రియ

హైదరాబాదు నుండి నాగపురము పోవు రాజమార్గమున, కామారెడ్డికి ముందుగా తగులు ఊరు భిక్నూరు. అచ్చటి చెలకలు వానను నమ్ముకొన్న నేలలు. నేడు వరియన్నమే ప్రధానమైనను, రెండు మూడు తరముల క్రిందట తెలంగాణపు మెట్టపల్లెలలో పేదవాని కడుపు నింపినది జొన్నయే. అంబలి, గటక, రొట్టె, నంజుకొనుటకు పచ్చిపులుసో మిరపకాయ తొక్కో. జొన్నకూడు తిన్నవారి యెముకలు ఇనుపకడ్డీలని పెద్దలు నేటికిని మురిసిపోవుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని తోడు మరేమియు లేక నెలల తరబడి ఒంటిగా తిన్నపుడు, ఆ జొన్నకూడే కొందరిని మంచమున బడవైచిన మాటయు నిజమే.

ఎండ తగులు మెడ, ముంజేతులు, కాళ్లు నల్లబడి పొలుసులు లేచును. రెండు చేతులకును ఒకే తీరున. నాలుక ఎర్రబారి మండును. విరేచనములు పట్టుకొనును. పిమ్మట నిద్రలేమి, దిగులు, మతిచాంచల్యము. నిన్నటి వరకు నాగలి పట్టిన మనిషి మాటాడక మూలను గూర్చుండును. ఇంటివారు గాలి సోకెననుకొన్నచో వారి తప్పేమున్నది? ఈ రోగమునకు పెల్లాగ్రా యని పేరు. ఇటలీ దేశస్థుల నుడిలో గరుకుచర్మమని అర్థము. 1735లోనే స్పెయిను వైద్యుడు గాస్పర్ కసాల్ దీనిని వర్ణించెను. మెడచుట్టు హారమువలె ఏర్పడు మచ్చను నేటికిని ఆయన పేరిటనే పిలుతురు.

అమెరికా దక్షిణ రాష్ట్రములందు మొక్కజొన్న తిను పేదలను ఈ రోగము పీడించినపుడు, అది అంటువ్యాధి యని పలువురు వైద్యులు తలచిరి. 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీ చెరసాలలో కొందరికి అట్టి పేదభోజనమే పెట్టించి, కొన్ని నెలలలో రోగము పుట్టించి చూపెను. విడుదల ఆశజూపి ఖైదీలపై చేసిన ఆ ప్రయోగము నేటి న్యాయమునకు నిలువదు గాని, లోపము తిండిలోనిదని మాత్రము తేలెను. కొరవడినది నికోటినిక్ ఆమ్లమని, అనగా నయాసిన్ అని, 1937లో ఎల్వెహ్‌జెమ్ పరిశోధన వలన బయటపడినది.

నయాసిన్ చేయు పని యేమి? తిన్న పిండిపదార్థము చక్కెరగాను, మాంసకృత్తులు అమైనో ఆమ్లములుగాను విడిపోయి రక్తమున కలియును. కణములో చక్కెర దహనమై శక్తి కావలెనన్న, దాని నుండి ఉదజనిని అందుకొని మోయు బోయీలు కావలెను. ఆ బోయీలను శరీరము నయాసిన్‌తో చేసికొనును. వారు చాలనిచో, ఎడతెగక కొత్తబడు చర్మము, ప్రేవుల లోపొర, శక్తికై క్షణక్షణము చేయిచాచు మెదడు ముందుగా క్రుంగును. రోగము ఆ మూడు చోట్లనే కనబడుట వింతకాదు. అయితే నయాసిన్‌ను నేరుగా తినుటయే దారి కాదు. ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లము సుమారు 60 మిల్లీగ్రాములు చేరినచో, దాని నుండి శరీరము ఒక మిల్లీగ్రాము నయాసిన్ తయారుచేసికొనును. పాలలో నయాసిన్ స్వల్పమే. ఐనను పాలు పెల్లాగ్రాను అడ్డగించుటకు కారణమిదియే.

చిక్కంతయు జొన్న దగ్గర వచ్చినది. మొక్కజొన్నలో నయాసిన్ చాలవరకు జీర్ణమునకు లొంగని రూపమున బంధింపబడియుండును; ట్రిప్టోఫాన్ కూడ తక్కువ. జొన్నకు ఆ లోపములు అంతగా లేవు. మరి రోగమేల? 1918లో కూనూరున అంకురించి, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైన పరిశోధనశాల ఈ ప్రశ్నను చేపట్టెను. 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియాలు ఒక సమాధానము ప్రతిపాదించిరి. జొన్నకును మొక్కజొన్నకును గల పోలిక లూసిన్ యొక్క ఆధిక్యము. లూసిన్ విషము కాదు, దేహమునకు ఆవశ్యకమైన అమైనో ఆమ్లమే. మితిమీరినపుడు మాత్రము అది ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారు త్రోవకు అడ్డుపడునని వారి వాదము. ఇతర పరిశోధకులందరును దీని నంగీకరింపలేదు. కొందరి ఎలుకల ప్రయోగములు వేరు ఫలితములనిచ్చినవి. జొన్నరకములన్నిటను లూసిన్ ఒకే మోతాదున లేదని కూడ పిమ్మట హైదరాబాదుననే కనుగొనిరి.

కంచము నిండియున్నను త్రోవ తెగు సందర్భములు వేరే కలవు. క్షయరోగులకిచ్చు ఐసోనియజిడ్ మందు విటమిన్ బి6ను హరించును. అది లేనిదే ట్రిప్టోఫాన్ సరిగా మారదు. అందుచేతనే వైద్యులు ఆ మందుతో బి6 మాత్రను జతచేయుదురు. హార్ట్‌నప్ అను వంశానుగత వ్యాధిలోనైతే ప్రేవులే ట్రిప్టోఫాన్‌ను గ్రహింపజాలవు.

చికిత్స మాత్రము సులభము. నికోటినమైడ్ మాత్రలు పడిన కొలది దినములలోనే నాలుక మంట చల్లారును, మబ్బు కమ్మిన మనస్సు తేటపడును; చర్మము నెమ్మదిగా మానును. గాలి సోకెనన్న మనిషి మరల బిడ్డలను పేరుపెట్టి పిలువగలడు. తెలంగాణలో జొన్న మీది ఆధారము తగ్గి, భోజనము పలువిధములైన కొలది ఈ రోగమును అరుదైనది.

ఇపుడు జొన్న మధుమేహ భయమున పట్టణపు భోజనబల్లల మీదికి తిరిగివచ్చినది. అచ్చట రొట్టె ప్రక్కనే పప్పు, కూర, గిన్నెడు పెరుగు ఉండును. నాడు చెలకలో కూలిచేసినవాని రొట్టె ప్రక్కన మిరపకాయ తొక్కు ఉండెడిది.