పోటు తప్పిన గుండె

"ఒరే అబ్బాయ్, గుండెల్లో ఎవరో దంచుతున్నట్టుందిరా. అదీ, పోటు తప్పి దంచుతున్నట్టు!"

కిందటేడు నాట్ల రోజుల్లో మా నాయనమ్మ అన్న మాట ఇది. రోకటి దంపుడు చూసినవాళ్ళకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఒకే రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వడ్లు దంచేటప్పుడు ఒక రోకలి లేస్తుంటే రెండోది పడాలి. ఒక్క పోటు ముందువెనకలైతే రోకళ్ళు గుద్దుకుంటాయి. వయసులో ఉండగా బస్తాలకొద్దీ దంచిన మనిషి కాబట్టి ఆవిడకు ఆ పోలిక తట్టింది. నాకు మాత్రం ఏమీ తట్టలేదు. "ఎండన పడి వచ్చావు, కాస్త మజ్జిగ తాగి పడుకో నాయనమ్మా" అన్నాను.

అప్పటికే నేను పరీక్షలో ఇ.సి.జి. బొమ్మ గీసి, పి, క్యూ, ఆర్, ఎస్, టి అని అయిదు అక్షరాలూ తప్పు లేకుండా గుర్తించి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ బొమ్మకూ నాయనమ్మ మాటకూ ఉన్న సంబంధం తెలిసేసరికి ఆలస్యమైంది.

నాన్న ఆవిణ్ణి టౌనుకు తీసుకెళ్ళాడు. ఇ.సి.జి. తీశారు, బాగానే ఉందన్నారు. అందరం స్థిమితపడ్డాం. దసరా వెళ్ళాక ఒక ఉదయం కాఫీ గ్లాసు ఆవిడ కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి ఓ పక్కకు లాగేసింది. మాట ముద్దగా వచ్చింది. పక్షవాతం! గుండె లయ తప్పడమే దానికి మూలమని పెద్దాసుపత్రిలో తేల్చారు.

మరి మొదటి ఇ.సి.జి. అబద్ధం చెప్పిందా? లేదు. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

గుండెకు కరెంటు ఎక్కడిది?

మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో కప్ప గుండెను రింగర్ ద్రావణంలో ఉంచి చూసిన పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడా కోతలు ఆగిపోయాయి గనుక మేము లెక్చరరుగారు చెబితే విన్నాం. శరీరం నుంచి వేరు చేశాక కూడా ఆ గుండె కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. అంటే, కొట్టుకోమనే ఆజ్ఞ మెదడు నుంచి రావడం లేదు, గుండెలోనే పుడుతోంది. నాడులు దాని వేగాన్ని పెంచగలవు, తగ్గించగలవు, అంతే.

మనిషి గుండెలో ఆ ఆజ్ఞ పుట్టే చోటు కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపు. ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు 1907 లో దీని గురించి ప్రకటించారు. వారిలో ఫ్లాక్ అప్పటికింకా వైద్య విద్యార్థే!

కాలువ కింద వ్యవసాయం తెలిసినవాళ్ళకు మిగతా సంగతి సులభం. కణుపులో పుట్టిన విద్యుత్ ప్రచోదనం కర్ణికలంతా పరచుకుంటుంది గాని, నేరుగా జఠరికల్లోకి దిగలేదు. మధ్యలో గట్టు ఉంది. ఆ గట్టుకు మామూలుగా ఒకటే తూము. అదే కర్ణికాజఠరికా కణుపు. 1906 లో దీన్ని వివరించినవాడు జపాను శాస్త్రజ్ఞుడు సునావో తవారా. ప్రచోదనం ఈ తూము దగ్గర సెకనులో పదో వంతు ఆలస్యం అవుతుంది. కర్ణికలు తమ రక్తాన్ని జఠరికల్లోకి నెట్టడానికి ఆ వ్యవధి కావాలి. తూము దాటాక హిస్ కట్ట అనే కాలువ, దానికి రెండు పాయలు, చివర పుర్కింజి తంతువులనే బోదెలు. బోదెల గుండా జఠరికల మూలమూలకూ దాదాపు ఒకేసారి ఆజ్ఞ అందుతుంది. అవి ఒక్కుమ్మడిగా ముడుచుకుంటాయి. మణికట్టు దగ్గర మన వేలికి తగిలేది ఆ పోటే.

గళ్ళ కాగితం మీద గుండె

మన ఒంట్లో ఉన్నది ఉప్పునీరు గనుక ఈ విద్యుత్తు చర్మం దాకా వస్తుంది. వస్తే ఎంత వస్తుంది? ఒక మిల్లీవోల్టు, అటూ ఇటూ. టార్చిలైటు సెల్లులో పదిహేను వందల వంతు. ఇంత చిన్నదాన్ని సరిగ్గా పట్టిన ఘనత హాలెండులోని లైడెన్ ఊళ్ళో పనిచేసిన ఐంథోవెన్‌ది. 20 వ శతాబ్దం మొదట్లో ఆయన చేసిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు కావలసి వచ్చేది. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టి కూర్చునేవాడు. 1905 లో ఆయన ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోను తీగల మీద రోగి గుండె గీతను తన ప్రయోగశాలకు తెప్పించుకున్నాడు. 1924 లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం పరీక్షల్లో రాసే పి, క్యూ, ఆర్, ఎస్, టి పేర్లు ఆయన పెట్టినవే.

పి అంటే కర్ణికల్లో విద్యుత్తు పరచుకోవడం. క్యూ.ఆర్.ఎస్. అంటే జఠరికల్లో పరచుకోవడం. టి అంటే జఠరికలు మళ్ళీ సిద్ధం కావడం. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. లయ సమంగా ఉన్నప్పుడు రెండు ఆర్ శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గళ్ళున్నాయో లెక్కపెట్టి 300 ను దానితో భాగిస్తే నిమిషానికి ఎన్ని పోట్లో వస్తుంది. నాలుగు గళ్ళయితే 75. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకు 60 నుంచి 100 వరకు మామూలు.

లయ తప్పే తీరులు

లయ తప్పడం, గుండెపోటు ఒకటి కావు. గుండె కండరానికి రక్తం అందక అది చచ్చిపోవడం గుండెపోటు. లయ తప్పడం విద్యుత్తుకు సంబంధించినది. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు.

ప్రతి తేడా జబ్బు కాదు. ఊపిరి లోపలికి తీసినప్పుడు నాడి కాస్త జోరందుకుని, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మన వయసువాళ్ళలో ఇది బాగా తెలుస్తుంది. ఈ పుట చదువుతూనే పరీక్షించుకోవచ్చు. అప్పుడప్పుడు ఒక పోటు తొందరపడి, తర్వాత చిన్న విరామం రావడం కూడా చాలామందిలో ఉండేదే.

తూము మూసుకుపోతే వేరే కథ. పి గీతలు తమ దారిన, క్యూ.ఆర్.ఎస్.లు తమ దారిన నడుస్తాయి. జఠరికలు సొంతంగా నిమిషానికి ముప్ఫయ్యో నలభయ్యో కొట్టుకుంటాయి. మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు. ఇలాంటివాళ్ళకే పేస్‌మేకర్. 1958 అక్టోబరు 8 న స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ అనే రోగికి దాన్ని మొదటిసారి ఒంట్లో అమర్చారు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది జఠరికలు ముడుచుకోవడం మాని వణకడం. గీత పిచ్చిగీతలవుతుంది, నాడి ఉండదు, మనిషికి స్పృహ ఉండదు. అప్పుడు నిమిషాలే లెక్క. 108 కి ఫోను చేయించి, రొమ్ము నడిమి ఎముక మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం వచ్చేదాకా ఆపకూడదు.

ఇక మా నాయనమ్మది కర్ణికల వణుకు. కణుపు ఆజ్ఞ మరుగున పడిపోయి, కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 ప్రచోదనాలు చెలరేగుతాయి. కాగితం మీద పి గీత మాయమై, ఆ చోట సన్నని అలజడి కనిపిస్తుంది. తూము అన్నిటినీ వదలదు, చిక్కినవాటిని వదులుతుంది. అందుకే ఆర్ శిఖరాల మధ్య ఏ రెండు దూరాలూ సమంగా ఉండవు. పోటు తప్పిన దంపుడంటే ఇదే! వణికే కర్ణికలో రక్తం నిలవ నీరులా మందగించి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1991 లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఈ వణుకున్నవాళ్ళకు పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు.

పది సెకన్ల సాక్ష్యం

ఈ వణుకు కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. మామూలు ఇ.సి.జి. చూసేది పది సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు. అంటే 8,640 వ వంతు. ఏడాదికి 8,760 గంటలు కదా? రోజులో పది సెకన్ల గుండెను చూడడమంటే, దాదాపు ఏడాదిలో ఒక్క గంట గట్టు మీద నిలబడి పొలం చూసి రావడమన్నమాట! ఆ గంటలో పురుగు కనబడకపోతే చేనుకు తెగులు లేదనగలమా? టౌనులో తీసిన కాగితం నిజమే చెప్పింది, ఆ పది సెకన్ల వరకు.

ఈ చిక్కు విప్పినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు నార్మన్ హోల్టర్. 1940 దశకం చివర ఆయన వీపున మోసిన మొదటి యంత్రం బరువు 38 కిలోలు. ఇప్పుడు హోల్టర్ యంత్రం జేబులో పడుతుంది. ఒకటి రెండు రోజులు కట్టుకుని పనులు చేసుకోవచ్చు. 2018 నుంచి చేతి గడియారాలు కూడా ఒక లీడు ఇ.సి.జి. తీస్తున్నాయి. అయితే ఏ యంత్రమైనా పొరబడవచ్చు. వార్డులో ఒక రాత్రి తెర మీద గీత తిన్నగా సాగిపోవడం చూసి నేను పరుగెత్తబోయాను. "ఏవిట్రా ఆ చూపు?" అంది నాయనమ్మ ముద్దమాటతో. చెమటకు ఎలక్ట్రోడు ఊడిందంతే. ముందు మనిషిని, తర్వాత తెరను చూడాలని నర్సుగారు చెప్పిన మాట మరువలేను.

ఇప్పుడావిడ కర్ర పట్టుకుని నడుస్తోంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. దీని కథ మా రైతు కుటుంబాలకు దగ్గరిదే. 1933 లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు, చచ్చిన పెయ్యనూ, క్యానునిండా గడ్డకట్టని రక్తాన్నీ, పశువులు తిన్న పాడైన గడ్డినీ కార్ల్ లింక్ అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలకు తీసుకొచ్చాడు. ఆ గడ్డిలోని పదార్థం వెంట సాగిన పరిశోధనలోనే వార్ఫరిన్ పుట్టింది. 1948 లో ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషుల మందుగా వాడకంలోకి వచ్చింది. మోతాదు తప్పితే రక్తస్రావం. అందుకే నాయనమ్మకు తరచు రక్తపరీక్ష.

మిత్రులారా! నేను డాక్టర్ని కాను. మందులు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటే కోరుతున్నాను. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మ, తాతయ్యల పక్కన కూర్చుని, బొటనవేలు మొదట్లో మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు. అంకె ఎంత ముఖ్యమో పోటు సమంగా పడుతోందా అన్నదీ అంతే ముఖ్యం. తేడా అనిపిస్తే అప్పుడే, ఆ తేడా ఉన్నప్పుడే, ఇ.సి.జి. తీయించండి. అప్పుడు లేకపోతే హోల్టర్ సంగతి డాక్టరుగారిని అడగండి.

నేను ఇంటికెళ్ళిన ప్రతిసారీ నాయనమ్మ తనంతట తానే చెయ్యి చాపుతుంది. కళ్ళు మూసుకుని, "పోటు సరిగ్గా పడుతోందిరా?" అని అడుగుతుంది. నేను అరవై సెకన్లూ అయ్యేదాకా జవాబు చెప్పను.