లోపల వెండి, బయట రంగు

క్రిస్మస్ చెట్టుకు వేలాడే గాజు బంతిని చూస్తే దాని మెరుపంతా పైపూతలోనే ఉందనిపిస్తుంది. నిజానికి ఆ మెరుపు బంతి లోపలి గోడకు అంటుకున్న పల్చటి వెండి పొరది. వెండి మీద గాజు, గాజు మీద రంగు. ఒక్కో పొరకు ఒక్కో చరిత్ర ఉంది. ఒక్కో పొర ఒక్కో రకంగా పాడవుతుంది కూడా. ఏ బంతి ఎప్పుడు, ఎలా తయారైందో తెలిస్తే దాన్ని ఎలా దాచుకోవాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అది తెలియక, అమ్మమ్మ కాలం నాటి బంతిని పండుగ ముందు తళతళలాడాలని తడిగుడ్డతో తుడిచేవాళ్లు ఎందరో. ఆ తుడుపుతోనే రంగు గుడ్డకు వచ్చేస్తుంది.

ఈ బంతి పుట్టిల్లు జర్మనీలో, థురింగియా అడవుల నడుమ ఉన్న లౌషా అనే చిన్న ఊరు. 1597లో హన్స్ గ్రైనర్, క్రిస్టఫ్ ముల్లర్ అనే ఇద్దరు అక్కడ గాజు కొలిమి పెట్టారు. కొలిమికి కట్టెలు, గాజు కరగడానికి కావలసిన పొటాష్‌కు కట్టెల బూడిద, రెండూ ఆ అడవే ఇచ్చేది. తాగే గ్లాసులతో, సీసాలతో మొదలై, తరవాత ఇళ్లలోనే దీపం మంట మీద గాజు గొట్టాన్ని కరిగించి పూసలు, బొమ్మలకు కళ్లు చేయడం ఆ ఊరి బతుకుతెరువైంది. 1835లో లుడ్విగ్ ముల్లర్-ఊరి అనే పనివాడు కన్ను పోయినవాళ్లకు పెట్టే గాజు కళ్ల తయారీకి అక్కడే పూనుకున్నాడు. గాజును అంత సన్నగా, అంత కచ్చితంగా ఊదగల చేతులు ఉన్న ఊరు కనకే క్రిస్మస్ బంతి అక్కడ పుట్టింది.

అంతకుముందు జర్మన్ ఇళ్లలో చెట్టుకు ఎర్రటి ఆపిల్ పళ్లు, అక్రోటు కాయలు, తీపి రొట్టెముక్కలు కట్టేవారు. డిసెంబరు 24ను ఆదాము హవ్వల దినంగా జరుపుకునే ఆచారం ఉండేది, ఏదెను తోటకు గుర్తుగా ఆపిల్ వేలాడేది. పళ్లు కొనలేని ఒక పేద పనివాడు 1847లో గాజుతో పళ్లు ఊది పిల్లలకు ఇచ్చాడని లౌషాలో చెప్పుకుంటారు. దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్నది మరుసటి ఏటికి: 1848 నాటి ఒక ఆర్డరు పుస్తకంలో ఆరు డజన్ల క్రిస్మస్ బంతుల పద్దు కనిపిస్తుంది. నాకు కథకన్నా ఆ పద్దే ఎక్కువ ఇష్టం. ఎవరో అడిగారు, ఎవరో చేసి ఇచ్చారు, లెక్క రాసుకున్నారు. ఒక చేతిపని లోకంలోకి వచ్చే దారి అదే.

ఆ మొదటి బంతులు దళసరివి, బరువైనవి. నూనె దీపపు మంటకు తోలుతిత్తితో గాలి కొట్టి గాజును కరిగించాలి, ఆ వేడి గాజును పల్చగా సాగదీయడానికి చాలదు. 1867లో లౌషాకు గ్యాస్ కర్మాగారం వచ్చింది. నిలకడగా, బాగా వేడిగా ఉండే మంట ఇళ్లలోకి గొట్టాల్లో చేరింది. అప్పటి నుంచి కోడిగుడ్డు పెంకులా పల్చటి బంతులు ఊదడం సాధ్యమైంది. వాటి తేలికదనం, పెళుసుదనం రెండూ ఆ గ్యాసు మంట ఇచ్చినవే.

వెండి సంగతి వేరు. తొలినాళ్ల బంతులకు లోపల సీసం, తగరం వంటివి కలిపి కరిగించి పోసేవారు, అందుకే వాటి మెరుపు కాస్త నీలిబూడిద రంగులో, మసగ్గా ఉంటుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ అద్దాల కోసం కనిపెట్టిన పద్ధతి 1870 ప్రాంతానికి లౌషా ఇళ్లకు చేరింది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో అమ్మోనియా, చక్కెర వంటి పదార్థం కలిపి బంతిలో కొద్దిగా పోస్తారు. గోరువెచ్చటి నీళ్లలో బంతిని ముంచి ఊపుతూ ఉంటే ద్రావణంలోని వెండి విడివడి గాజు లోపలి గోడకు పట్టుకుంటుంది. మిగిలిన ద్రావణం ఒంపేసి, ఆరబెట్టి, పైన రంగు వేస్తారు. చివరికి ఊదడానికి వదిలిన పొడవాటి కాడను కోసేసి మూత పెడతారు.

ఇదంతా ఫ్యాక్టరీలో కాదు, వంటింట్లో. మగవాడు మంట ముందు కూర్చుని ఊదేవాడు, భార్య వెండి పట్టించేది, పిల్లలు రంగులు వేసి మూతలు బిగించేవారు. సరుకంతా పెద్ద బుట్టలకెత్తుకుని ఆడవాళ్లు బొమ్మల వ్యాపార కేంద్రమైన జోనెబెర్గ్‌కు కాలినడకన మోసుకెళ్లేవారు. అక్కడ దళారి ఎంత ఇస్తే అంత. ప్రపంచమంతా పండుగ చేసుకున్న ఆ మెరుపు వెనక నైట్రేటు మరకలు పడిన చేతులు, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్న పిల్లలు ఉన్నారు. ఈ బంతి గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట దాటేయకూడదు.

అమెరికాలో దీన్ని బజారు సరుకుగా చేసినవాడు ఎఫ్. డబ్ల్యూ. వూల్‌వర్త్. 1880లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ దుకాణానికి, ఎవరు కొంటారులే అనుకుంటూనే, 25 డాలర్ల సరుకు తీసుకున్నాడు. రెండు రోజుల్లో అమ్ముడుపోయింది. తరవాత తనే ఐరోపా వెళ్లి పెద్ద ఎత్తున కొనడం మొదలుపెట్టాడు. 1890లో అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకం చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నది. అందుకే పాత బంతుల మూతల మీదో పెట్టెల మీదో జర్మనీ అన్న పేరు కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొన్నేళ్లు ‘అమెరికా మండలం, జర్మనీ’ అనీ, 1949 తరవాత ‘పశ్చిమ జర్మనీ’ అనీ ముద్రలు మారాయి. లౌషా మాత్రం తూర్పు జర్మనీలో ఉండిపోయింది. పనివాళ్లలో కొందరు సరిహద్దు దాటి పశ్చిమాన నోయ్‌స్టాట్ అనే ఊళ్లో మళ్లీ మంట వెలిగించారు.

అంతకుముందు, ఆ యుద్ధం దగ్గరపడుతుండగా, న్యూయార్కులో జర్మన్ బంతులు దిగుమతి చేసే మాక్స్ ఎకార్ట్‌కు సరుకు ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. 1939లో ఆయనా, వూల్‌వర్త్ సంస్థా కలిసి కార్నింగ్ గాజు సంస్థను ఒప్పించారు. పెన్సిల్వేనియాలోని వెల్స్‌బరోలో ఆ సంస్థకు బల్బుల గుల్లలు ఊదే యంత్రం ఉండేది. దానితోనే బంతులు చేయించారు. లౌషాలో కుటుంబమంతా కష్టపడి రోజుకు కొన్ని వందలు చేసేచోట, ఈ యంత్రం ఉసిరికాయలు రాల్చినట్టు లక్షల్లో రాల్చింది. వాటికి ‘షైనీ బ్రైట్’ అని పేరు పెట్టి అమ్మారు. యుద్ధంలో వెండి, లోహం కరువైనప్పుడు లోపలి పూత మానేశారు. పారదర్శకమైన గాజు మీద సన్నటి రంగు చారలు గీసి, లోహపు మూత బదులు అట్టమూత పెట్టారు. మీ చేతిలోని బంతికి వెండి లేదు, అట్టమూత ఉంది అంటే అది యుద్ధకాలపు బంతి అన్నమాట. దాన్ని నాసిరకమని పక్కన పడేయకండి.

ఇప్పుడు ఒక బంతిని చేతిలోకి తీసుకుని చూద్దాం. మూతకు లోపలివైపు రెండు కాళ్ల తీగ స్ప్రింగు ఉంటుంది. ఆ రెండు కాళ్లనూ దగ్గరికి నొక్కితేనే మూత ఊడి వస్తుంది. మూతను పట్టి లాగితే మెడ పగులుతుంది. మూత తీశాక కనిపించే మెడ అంచు గరుగ్గా, వంకరటింకరగా ఉంటే అది చేత్తో కాడ కోసిన గుర్తు. అంచు దగ్గర నల్లటి వలయం, లోపల సూదిమొనంత చుక్కలు కనిపిస్తే వెండికి గాలి, తేమ తగిలాయని అర్థం. గాలిలోని గంధకపు ఆవిర్లు వెండిని నలుపు చేస్తాయి, తేమ ఆ పని త్వరపెడుతుంది. అవి వెళ్లే దారి ఈ మెడ ఒక్కటే. మూత అలంకారం కోసం పెట్టింది కాదు, అది బిరడా. మూత లేని పాత బంతికి అదే కొలత మూత వెతికి పెట్టడం మీరు దానికి చేయగల అతి పెద్ద మేలు.

రంగు బయట ఉంది, అది చాలావాటిలో నీటికి కరుగుతుంది. నీళ్లు, సబ్బు, అద్దాలు తుడిచే ద్రవాలు, ఏవీ దగ్గరికి రానివ్వకండి. మేకప్‌కు వాడే మెత్తటి బ్రష్ కొత్తది ఒకటి కొని, దుమ్మును అంటీ అంటనట్టు దులపండి. రంగు పెచ్చులు లేస్తుంటే అది కూడా వద్దు. పెచ్చులను జిగురుతో అతికించడం, కొత్త రంగు పూయడం బంతిని ఇంకా పాడుచేస్తాయి. చేతి చెమట కూడా మచ్చ వదులుతుంది కాబట్టి మూత దగ్గర పట్టుకుని, కింద రెండో అరచెయ్యి ఆనించండి.

దాచడంలోనే అసలు కష్టం. తెలుగు నేలమీద జనవరిలో కట్టిపెట్టిన బంతి మళ్లీ డిసెంబరులో బయటికొచ్చేలోపు మే నెల ఎండనూ, ఆ వెనకే నాలుగు నెలల ఉక్కనూ చూస్తుంది. స్లాబు కింద అటక మీద పెడితే వేడికి పై రంగు మెత్తబడి చుట్టిన కాగితానికి అతుక్కుపోతుంది. బీరువా కింది అర మేలు. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్న మనవాళ్లు గ్యారేజీలో, ఇంటి పైకప్పు కింది అటకలో పెట్టెలు దాస్తారు. అక్కడి వేసవికి ఆ చోటు ఇంకా చెడ్డది, ఇంట్లోని అల్మారాలోకి మార్చండి. చుట్టడానికి ఆమ్లం లేని తెల్లటి టిష్యూ కాగితం కావాలి. వార్తాపత్రిక సిరా అంటుకుంటుంది, కాగితంలోని ఆమ్లం లోహపు మూతను తింటుంది. బుడగల ప్లాస్టిక్ కవరు తేమను లోపలే పట్టి ఉంచుతుంది. కొక్కేలు విడిగా తీసి ఒక డబ్బాలో వేయండి. కొక్కెంతో సహా చుడితే పక్క బంతిని గీకుతుంది.

సరుగుడు కొమ్మను క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టే ఇళ్లు కోస్తాలో చాలా ఉన్నాయి. దాని రెమ్మలు సన్నవి, బరువుకు వంగిపోతాయి, బంతి జారిపోతుంది. గాజువి కాండానికి దగ్గరగా, మందంగా ఉన్న చోట కట్టి, రెమ్మల చివర కాగితపు నక్షత్రాలు పెట్టడం మంచిది.

గాజు కానివాటికి వేరే జాగ్రత్తలు. శ్రీనగర్ కళాకారులు చేసే కాగితపు గుజ్జు బంతులు కాగితంతో చేసినవి కాబట్టి తేమకు ఉబ్బుతాయి. పిల్లలు ఉప్పూ పిండీ కలిపి చేసిన బొమ్మలకు పురుగులు, ఎలుకలు వస్తాయి, గాలి చొరని డబ్బాలో వేరే పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయకండి, వాటి ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చెట్టు మీద వేసే పాత వెండితీగల్లో చేతికి బరువుగా తగిలి, వంచితే వంగినట్టే ఉండేవి సీసంవి కావచ్చు. 1971లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వాటిని పిల్లలకు అనవసరమైన ప్రమాదమని తేల్చింది. అలాంటివి చెట్టు మీద వేయకండి.

ఇంత జాగ్రత్తా పడ్డా ఎప్పుడో ఒకటి పగులుతుంది. ముక్కలు చాలా పల్చనివి, చీపురుతో ఊడిస్తే చెల్లాచెదురై మూలల్లోకి పోతాయి. తడి కాగితంతో అద్ది తీయండి. బంతి చాలా పాతదై, లోపలి పూత నీలిబూడిద రంగులో ఉంటే, అది సీసం కావచ్చు. చిన్నపిల్లలను దూరంగా ఉంచి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మూత పారేయకండి, అదే కొలత మెడ ఉన్న మరో బంతికి పనికొస్తుంది.