బాప్తిస్మం ఏ పేరున?

మీ చుట్టాల్లో ఎవరో ఒకరు చర్చికి వెళ్ళేవారే అయి ఉంటారు. మన నాటాల్‌లో ఇది కొత్త సంగతి కాదు. 1903లోనే జాన్ రంగయ్యగారు నెల్లూరు వైపు నుంచి వచ్చి, కీర్స్నీ తేయాకు తోటల్లో పనిచేసే తెలుగువాళ్ళ మధ్య బాప్టిస్టు సంఘం పెట్టారు. ఇప్పుడు ఒకే ఇంట్లో అక్క ఒక సంఘానికీ, తమ్ముడు ఇంకో సంఘానికీ వెళ్ళడం మామూలే. చిక్కు వచ్చేది పెళ్ళి మాటలప్పుడు. "పిల్లకు మళ్ళీ బాప్తిస్మం ఇప్పించాలి" అంటారు ఒక వైపువాళ్ళు. "మళ్ళీ ఎందుకు? మా పిల్ల విశ్వాసి కాదా?" అంటారు రెండో వైపువాళ్ళు.

తగాదా నీళ్ళ గురించి కాదు, ఆ నీళ్ళలో పలికే పేరు గురించి. మత్తయి సువార్త చివర తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడూ ఉన్నాయి. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో యేసుక్రీస్తు పేరు ఒక్కటే ఉంది. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి, చూడండి.

ఎక్కువ సంఘాలు నమ్మేది త్రిత్వం. దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవునిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వ్యక్తులు ఉన్నారని. (మన త్రిమూర్తులతో కలిపేయకండి. ముగ్గురు దేవుళ్ళు అంటే ఏ క్రైస్తవుడూ ఒప్పుకోడు.) యేసు పేరు ఒక్కటే చాలనే పెంతెకోస్తువారు వేరుగా చెబుతారు: ఒక్క దేవుడే తండ్రిగా, కుమారుడిగా, ఆత్మగా తెలియబడ్డాడని. తెలుగు నేర్చుకునే మీరు ఆ "గా"ను గమనించండి. అంత చిన్న ప్రత్యయంలో ఎంత దూరముందో!

పాతకాలంలోనూ ఇలాగే జరిగింది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే బోధకుడు, కుమారుణ్ణి తండ్రే సృష్టించాడు అన్నాడు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల సభ పిలిపించాడు. కుమారుడిది తండ్రి తత్వమే అని సభ తేల్చింది. అందుకు వాడిన గ్రీకు మాట హోమోఊసియోస్. తర్వాత కొందరు, తండ్రి తత్వాన్ని పోలినది అంటే చాలు కదా అని, మధ్యలో ఒక్క అక్షరం చేర్చి హోమోయిఊసియోస్ అన్నారు. ఆ వాదాల నడుమ నైసియా పక్షాన నిలిచిన అతనేషియస్ బిషప్పు అయిదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. ఉత్తర ఆఫ్రికాను ఏలిన వాండల్ రాజులు అరియస్ పక్షం. వాళ్ళు నైసియావారికి మళ్ళీ బాప్తిస్మం ఇప్పించారు, కొందరికి బలవంతంగా. "మళ్ళీ" అనే మాట అంత పాతది.

పెంతెకోస్తువారిలో చీలిక మాత్రం మొన్నటిదే. 1916లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సభ త్రిత్వాన్ని తమ విశ్వాస ప్రమాణంలో రాసుకుంది. ఒప్పుకోని బోధకులు నూట యాభై మందికి పైగా బయటికి వెళ్ళిపోయారు. ఆ రెండు పాయలూ సముద్రాలు దాటి అన్ని దేశాలకూ చేరాయి.

నేను గుడి బడిలో తెలుగు నేర్చినదాన్ని, ఎవరి సిద్ధాంతం సరైనదో చెప్పడం నా పని కాదు. కానీ మాటల విషయంలో టీచర్‌గా ఒకటి అంటాను. "మా సంఘ సభ్యుడు కాదు" వేరు, "విశ్వాసి కాదు" వేరు. ప్రపంచ సంఘాల కౌన్సిల్ 1961లో న్యూఢిల్లీలో కూడి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేర్లను తన సభ్యత్వ ఆధారంలో చేర్చింది. అది తలుపు దగ్గర రాసిన నియమం. ఎవరైనా చదువుకుని లోపలికి రావచ్చు, రాకపోవచ్చు. విశ్వాసి కాదనడం అలాంటిది కాదు. అది అవతలి మనిషి ప్రార్థననే కొట్టిపారేస్తుంది. యెహోవాసాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు, అయినా తాము క్రైస్తవులమనే అంటారు. వాళ్ళని చాలా సంఘాలు సాటి క్రైస్తవులుగా లెక్కించవు. నియమం కఠినంగా ఉండవచ్చు, దాన్ని చెప్పే నోరు కూడా కఠినంగా ఉండాలా?

మీ ఇంట్లో అలాంటి సంబంధం కుదిరితే, పెళ్ళి తేదీ పెట్టుకునే ముందే రెండు వైపుల పాస్టర్లనూ అడగండి: "మీరు బాప్తిస్మం ఏ పేరున ఇస్తారండీ? అవతలివారు ఇచ్చినది మీకు చెల్లుతుందా?" శుభలేఖలు అచ్చయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.