సర్దుబాటు విద్యుత్సరఫరా పెట్టె: కంప్యూటరు నమూనాలో దోషాన్వేషణము

తెలుగు బోధించువాడు విద్యుద్వలయములను గూర్చి వ్యాసము వ్రాయుట ఈ సంచిక చదువరులలో కొందఱకు వింతగా దోచవచ్చును. కాని హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు పాఠ్యపుస్తకము దాటిన సంగతి ఏదియైనను తఱచుగ ఇంగ్లీషులోనో తమిళములోనో లభించును. అర్థము కానిదానిని పట్టుకొని వారు తుదకు తెలుగు పంతులు కడకే వత్తురు. ఆ విధముగనే పదునొకండవ తరగతి విద్యార్థి యొకడు ఒక వలయ చిత్రముతో నా యొద్దకు వచ్చెను. బాల్యమున మా మేనమామగారి రేడియో మరమ్మతు దుకాణమున టంకము వేయుట నేర్చినవాడను గనుక వానిని త్రిప్పి పంపలేకపోయితిని.

మా పాఠశాల ప్రయోగశాలకు కావలసినది ఒక సరఫరా పెట్టె. మీట త్రిప్పినచో ఇరువది వోల్టుల లోపల కోరిన వోల్టేజిని స్థిరముగ ఇచ్చునది. దానిని పిల్లలే కట్టుదుమనిరి. ఇంటి గోడలోని 230 వోల్టుల కరెంటుతో పని గనుక, వలయమును ముందు కంప్యూటరులో నడిపి చూపిన తరువాతనే సామాను కొనవలెనని నేను నియమము పెట్టితిని. ఇందులకు ఉపయోగించినది స్పైస్ అను ప్రోగ్రాము వంశములోనిది. స్పైస్ 1973లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణమున వెలువడినది. లారెన్స్ నేగెల్ అను పరిశోధక విద్యార్థి ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ పర్యవేక్షణలో దానిని రచించెను. నేడు ఎల్.టి.స్పైస్ అను పేర దాని సంతతి యొకటి ఉచితముగ లభించుచున్నది.

వలయము సామాన్యమైనదే. ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 18 వోల్టులకు దించును. నాలుగు డయోడుల వంతెన ఏకాంతర విద్యుత్తును ఒకే దిశకు మరల్చును. (దీనికి మన పాఠ్యగ్రంథములు 'ఏకధిక్కరణి' అని పేరు పెట్టినవి. పదము గంభీరమే గాని, మా పిల్లల నోట అది రెక్టిఫైయరు గానే మిగిలినది, నేనును పట్టుపట్టలేదు.) తరువాత పెద్ద కెపాసిటరు, దాని తరువాత ఎల్.ఎం.317 అను మూడు కాళ్ల రెగ్యులేటరు. ఈ మూడు కాళ్ల వస్తువు తన నిర్గమమునకును, సర్దుబాటు కాలికిని నడుమ ఎల్లప్పుడు 1.25 వోల్టులు నిలుపుటకు పాటుపడును. ఆ రెంటి మధ్య 240 ఓముల నిరోధకము నుంచి, సర్దుబాటు కాలి నుండి క్రిందికి 3600 ఓముల నిరోధకము నుంచినచో, 3600ను 240చే భాగింపగా వచ్చిన 15నకు 1 కలిపి, 1.25చే గుణింపగా 20 వోల్టులు వచ్చును. సర్దుబాటు కాలి నుండి పారు స్వల్ప ప్రవాహము వలన ఇంకొక 0.18 వోల్టు చేరును. ఈ లెక్క విద్యార్థికి వచ్చును. కాని యంత్రమున ఇరువది రాలేదు.

మొదట వచ్చినది అసలు ఫలితమే కాదు, నిరాకరణము. స్పైస్ ప్రతి బిందువు యొక్క వోల్టేజిని ఒక సున్న బిందువు నుండి కొలుచును. ఆ సున్నతో ఏ సంబంధమును లేని భాగము వలయమున నున్నచో దాని సమీకరణములకు సమాధానము దొరకదు. ట్రాన్స్‌ఫార్మరు ప్రాథమిక చుట్టకును ద్వితీయ చుట్టకును నడుమ తీగ సంబంధము లేదు గదా! అందుచేత విద్యార్థి రెండు వైపులను ఒకే గ్రౌండు గుర్తునకు కలిపెను. ప్రోగ్రాము సంతోషించి నడచినది. నేను మాత్రము భయపడితిని. తెఱమీద అది నిరపాయమైన ఉపాయమే. కాని ఆ చిత్రమునే చూచి తీగలు కలిపినచో, ఇంటి కరెంటునకును పిల్లవాని చేతికిని మధ్యనున్న ఏకైక గోడను మనమే కూల్చినవారమగుదుము. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని దించుటకే కాదు, ఆ రెండు వైపులను వేఱుపఱచుటకును ఉన్నది. కావున రెండు వైపుల నడుమ సూటి తీగకు బదులు మిక్కిలి పెద్ద నిరోధకము నొకదానిని ఉంచి, దాని ప్రక్క 'ఇది లెక్క కొఱకు మాత్రమే, కట్టరాదు' అని తెలుగులో వ్రాయించితిని.

తరువాత ఫలితము వచ్చినది గాని, అది దాదాపు సున్న. రెగ్యులేటరు పాడైనదని విద్యార్థి వాదము. తెఱమీది రెగ్యులేటరు పాడగుట యెట్లు? దోషాన్వేషణమున నేను మేనమామగారి దుకాణమున నేర్చిన పద్ధతి యొకటే: ప్రవాహము వచ్చు దారిని మొదటి నుండి ఒక్కొక్క మజిలీలో కొలుచుకొనుచు పోవుట. ట్రాన్స్‌ఫార్మరు కడ తరంగము సరిగానే యున్నది. కెపాసిటరు కడ వోల్టేజి యున్నది గాని క్రుంగి యున్నది. ఎవరో కరెంటును విపరీతముగ లాగుచున్నారు. రెగ్యులేటరు గుండ తన శక్తి మేరకు ఆంపియర్లు పారుచున్నవి. నిర్గమమున 'భారము' ఏదియు లేదని విద్యార్థి చెప్పెను. చిత్రమును పెద్దది చేసి చూడగా, మీటరునకు ప్రతినిధిగా ఒక నిరోధకము కనబడినది. మంచి మల్టీమీటరు నిరోధము పది మెగా ఓములని వాడు చదివి, ఇంగ్లీషున 10 ప్రక్కన పెద్ద ఎమ్ అక్షరము వ్రాసెను. స్పైస్ దానిని పది మిల్లీ ఓములుగ గ్రహించినది. అనగా నిర్గమమును ఇనుప కడ్డీతో షార్టు చేసినట్లు!

ఇందులో పిల్లవాని తప్పు లేదు. భౌతికశాస్త్రమున పెద్ద ఎమ్ మెగా, చిన్న ఎమ్ మిల్లీ. రెంటి నడుమ వంద కోట్ల రెట్ల అంతరము కలదు. తెలుగు లిపిలో పెద్ద చిన్న అక్షరముల భేదమే లేదు గనుక, మా పిల్లలకు ఈ భేదమును ఉపాధ్యాయులు ప్రత్యేకముగ నూరిపోయుదురు. వాడు శ్రద్ధగ నేర్చినదానిని శ్రద్ధగ ప్రయోగించెను. స్పైస్ పుట్టినది చిల్లుల కార్డుల మీద, పెద్ద అక్షరములతోనే ప్రోగ్రాములు వ్రాసిన కాలమున. కనుక ఆ భేదమును అది నేటికిని పాటింపదు. మెగా కావలెనన్నచో 'మెగ్' అని మూడక్షరములు వ్రాయవలెను. ఈ యొక్క విషయమున స్పైస్ తెలుగు లిపి పక్షమున నున్నదని నేను హాస్యమాడితిని.

దానిని దిద్దగా పదునాలుగు వోల్టుల చిల్లర వచ్చినది. మీట ఎంత త్రిప్పినను అంతకు మించలేదు. ఇచ్చట పరీక్ష సులభము. నిర్గమమునకును సర్దుబాటు కాలికిని నడుమ కొలువవలెను. అచ్చట 1.25 ఉన్నచో రెగ్యులేటరు తన పని చేయుచున్నది, దోషము నిరోధకముల లెక్కలో నున్నది. అంతకు తగ్గినచో దానికి వెనుక నుండి చాలినంత అందుట లేదు. మాకు తగ్గియే యుండెను. ట్రాన్స్‌ఫార్మరు మీద వ్రాయబడు 18 వోల్టులు తరంగపు ఫలసిద్ధ విలువ; శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా ఇరువదియైదు వోల్టులకు పైన. ప్రోగ్రాము అడుగునది శిఖరమును. విద్యార్థి 18 అని యిచ్చెను. డయోడులు 1.4 వోల్టులు, రెగ్యులేటరు సుమారు రెండు వోల్టులు తీసికొనగా మిగిలినది అంతే.

ఇప్పుడు ఇరువది వచ్చినది. పిల్లలు సామాను కొనుటకు సిద్ధపడిరి. ఒక ఆంపియరు భారము పెట్టి పదునైదు వోల్టుల కడ మరల చూడుమంటిని. సరళరేఖకు బదులు సెకనుకు నూఱు మార్లు గుంటలు పడినవి. ఒక ఆంపియరును నూఱుతోను కెపాసిటరు విలువతోను భాగించినచో, రెండు శిఖరముల నడుమ వోల్టేజి ఎంత జారునో స్థూలముగ తెలియును. వారు పెట్టినది 1000 మైక్రోఫారడులది. జారుడు పది వోల్టులు. ఇరువదినాలుగు నుండి పదునాలుగునకు జారిన వోల్టేజితో పదునైదు ఇచ్చుట ఎవరి తరము? 4700 మైక్రోఫారడులది పెట్టగా జారుడు రెండు వోల్టుల చిల్లరకు దిగినది, గుంటలు మాసినవి.

అన్నిటికంటె ముఖ్యమైన దోషమును తెఱ చూపనే లేదు. అయిదు వోల్టుల కడ ఒక ఆంపియరు తీయుడని చెప్పితిని. రేఖ అద్దమువలె నిలిచెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. కాని రెగ్యులేటరు వెనుక సగటున ఇరువదిమూడు వోల్టులు, ముందు అయిదు. నడుమ పదునెనిమిది వాట్లు ఆ వ్రేలెడంత వస్తువులోనే వేడిగా మారవలెను. లోపలి సిలికాను నుండి పైలోహపు రేకునకు రాకముందే ఒక్కొక్క వాటునకు నాలుగైదు డిగ్రీల భేదమేర్పడును. అనగా రేకుకంటె లోపల డెబ్బది నుండి తొంబది డిగ్రీలు హెచ్చు. లోపల 125 డిగ్రీలు దాటరాదు. ఎంత పెద్ద అల్యూమినియము చల్లార్పు రేకు బిగించినను వేసవిలో ఇది సాగదు. నిజమైన ఎల్.ఎం.317 వేడెక్కి తనను తాను ఆపుకొనును. మేము వాడిన నమూనాకు వేడి అను సంగతియే తెలియదు. ప్రోగ్రాములో ఆ కాలి మీద వాట్లను గీయించిన తరువాతనే పిల్లలు నమ్మిరి.

తుదకు కట్టిన పెట్టెలో ఫ్యూజు, పెద్ద చల్లార్పు రేకు, 4700 మైక్రోఫారడుల కెపాసిటరు కలవు. రెగ్యులేటరు నియతికి కనీస భారము పది మిల్లీ ఆంపియర్లు ఉండుట మేలని 240కి బదులు 120 ఓములును, దానికి తగినట్లు 3600కు బదులు 1800 ఓములును వేసితిమి. మూత మీద రెండు వరుసలు తెలుగున వ్రాసి అంటించితిమి: పది వోల్టులకు దిగువన అర ఆంపియరు మించరాదు; ఈ పెట్టె 1.25 వోల్టునకు క్రిందికి దిగదు. రెండవ వరుస చూచి, సున్న వఱకు దించుటకు ఏమి చేయవలెనని విద్యార్థి అడిగెను. దానికి ఋణ వోల్టేజి నిచ్చు ఇంకొక చిన్న సరఫరా కావలెను. ఆ చిత్రమును వాడు ఇప్పుడు కంప్యూటరులో గీయుచున్నాడు.