సిముకుడి చిల్లర, యముడి గుడి... మీకు తెలుసా?

శాతవాహన వంశానికి మూలపురుషుడు సిముకుడు. ఆయన పేరున్న నాణేలు దొరికిన ఊరు ఎక్కడుందో మీకు తెలుసా? జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో! పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాల అది. రెండు వేల ఏళ్లపాటు రాజుగారి చిల్లర అక్కడి మట్టిలోనే ఉండిపోయింది. అడిగినవాడే లేడు!

మీకు తెలుసా? అదే సిముకుడికి మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ఒక శిల్పం ఉండేది. శిల్పం ఎప్పుడో పోయింది, పైన చెక్కిన పేరు మిగిలింది. బోర్డు ఉంది, మనిషి లేడు!

సిముకుడే మొదటివాడనుకుంటున్నారా? ఆగండాగండి. కోటిలింగాలలోనే గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల నాణేలూ బయటపడ్డాయి. వాటిని చదివి లోకానికి చెప్పినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. పురాణాల్లోని రాజుల జాబితాలన్నీ తిరగేసినా ఈ నలుగురూ కనిపించరు. చరిత్రలోకి ఆలస్యంగా వచ్చినా, రొక్కంతోనే వచ్చారు!

మీకు తెలుసా? ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000 ఉన్నాయని రోమన్ రచయిత ప్లీనీ 1వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. మట్టికోట ఆనవాళ్లున్న కోటిలింగాల ఆ ముప్పైలో ఒకటై ఉంటుందని చరిత్రకారుల మాట. వెయ్యి ఏనుగులకు మేత ఎవరు మోశారో మాత్రం ప్లీనీ రాయలేదు!

ఇప్పుడు ఆ కోటిలింగాల ఒడ్డు దాకా ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లొచ్చాయి. దాని సామర్థ్యం 20 టీఎంసీల పైమాటే. ఇక్కడ తవ్వాలంటే ఇక పారతోపాటు పడవా కావాలేమో!

కొంచెం ఎగువకు పోదాం. ధర్మపురి నరసింహస్వామి సన్నిధిలో యమధర్మరాజుకూ గుడి ఉందని మీకు తెలుసా? అందరూ తప్పించుకు తిరిగే దేవుడికి ఇక్కడ మనమే ఎదురెళ్లి దండం పెడతాం. ముందే పరిచయం చేసుకుంటే మంచిదేగా!

మీకు తెలుసా? ధర్మపురి గడప తొక్కని తెలుగువాళ్లు కూడా చిన్నప్పుడు ఆ ఊరి పేరు పదేపదే పలికినవాళ్లే. శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యమూ ఆ ఊరి పేరున్న మకుటంతోనే ముగుస్తుంది మరి. ఇంతకంటే గట్టి ప్రచారం ఏ టూరిజం శాఖ చేయగలదు?

జగిత్యాల కోటను పైనుంచి చూస్తే నక్షత్రం! 1747లో కట్టించినవాడు ఇబ్రహీం ఖాన్ ధంసా, పనితనం ఫ్రెంచి ఇంజనీర్లది. చుట్టూ కందకం. పగలు కూడా చుక్కలు చూపించే కోట!

ఇక అన్నిటికంటే నాకు నచ్చింది. కన్నడ ఆదికవి పంపడు ఎవరి కొలువులో ఉన్నాడో తెలుసా? మన వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి దగ్గర! పంపడి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద సుమారు 945లో ఒక శాసనం చెక్కించాడు. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు! అందులో తెలుగు కంద పద్యాలు మూడు. నన్నయ భారతం మొదలవడానికి ఇంకా వందేళ్లుంది, ఇక్కడ గుట్ట మీద కందం నడిచేస్తోంది! అన్న కన్నడానికి ఆదికవి, తమ్ముడు తెలుగును రాతికెక్కించినవాడు. ఇంతకీ ఆ ఇంట్లో అమ్మ వీళ్లిద్దరినీ ఏ భాషలో తిట్టేదో శాసనంలో లేదు!